యానిస్టన్, టాలడేగా, స్ప్రింగ్‌ఫీల్డ్: పాత మిలిటరీ రైఫిల్ కోసం తిరిగిన తిరుగుళ్ళు

మా పెదనాన్న గుంటూరు జిల్లాలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే స్టేషన్‌లో వరసగా గొలుసేసి పెట్టిన త్రీనాట్‌త్రీలు కనపడేవి, దగ్గరకి పోతే చాలు గదిమేవారు. తర్వాత డిగ్రీలో ఎన్‌సీసీలో ఐదంటే ఐదు రౌండ్లు, అదీ పాయింట్ టూటూ రైఫిల్‌తో బోర్లా పడుకుని కాల్చా. ఆ ఐదు రౌండ్లు ఇరవై ఏళ్ళు మనసులో ఉండిపోయాయి. మన దగ్గర 303 ప్రొహిబిటెడ్ బోర్ కాబట్టి మామూలు మనిషికి లైసెన్సు ఆశ లేదు. అమెరికా వచ్చి సిటిజన్‌షిప్ చేతికొచ్చాక పాత మిలిటరీ రైఫిళ్ళ సంగతి మొదలుపెట్టా. ఒక మాట ముందే చెప్పాలి, హెచ్ 1బి మీద ఉన్నవాళ్ళు సరదాకి కూడా ఇందులోకి దిగొద్దు. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ వీసా మీద తుపాకీ గానీ గుండ్లు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఫ్రెండ్ తీసుకెళ్ళాడు కదా అని షూటింగ్ రేంజ్‌కి వెళ్ళేముందు కూడా లాయర్‌ని అడగండి.

నేను ఉండేది అట్లాంటా పైన కమ్మింగ్‌లో. మొదట వెళ్ళింది ఊరి శివార్లలో జరిగిన ఒక గన్ షోకి, అంటే తుపాకులు అమ్మే సంతకి. పెద్ద హాలు, వందల టేబుళ్ళు, అందులో ఒకాయన దగ్గర ఇషాపూర్ రైఫిల్! పశ్చిమ బెంగాల్‌లో మన ఫ్యాక్టరీలో చేసిన 2ఏ1, 1960ల్లో 7.62 గుండుకి సరిపోయేలా తయారుచేసింది, మెడ దగ్గర ఆర్‌ఎఫ్‌ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అని ముద్ర. చూడ్డానికి అచ్చం పెదనాన్న మోసిన 303 లానే ఉంటుంది, కాకపోతే మేగజీన్ పెట్టె కాస్త నలుచదరంగా ఉండి పన్నెండు గుండ్లు పడతాయి. అది అక్కడ ఆ దేశంలో టేబుల్ మీద కనపడేసరికి నాకు ఇంక వేరే ఏదీ కనపడలా, బేరం కూడా సరిగ్గా ఆడకుండా కొనేశా. బోల్ట్ (గుండుని లోపలికి నెట్టి వెనక నుంచి మూసే ఇనప ముక్క) పిడి మీద నంబరు, రిసీవర్ (ఆ బోల్ట్ కదిలే తుపాకీ అసలు బాడీ) మీద నంబరు ఒకటేనా అని చూడాలని అప్పటికి నాకు తెలీదు. అమ్మినాయన చెప్పలేదు, "అన్నీ బాగున్నాయి" అన్నాడంతే.

ఇంటికొచ్చి పెదనాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "బట్ నంబరెంత?" అని, అంటే భుజానికి ఆనించే చెక్క మీద రాసే నంబరు. తర్వాత బోల్ట్ దగ్గరకి తెమ్మన్నారు, రెండు నంబర్లూ చదవమన్నారు. నేను చదివా. "ఇది దాని బోల్ట్ కాదురా, కాల్చబాక" అన్నారు. గన్‌స్మిత్ దగ్గరకి తీసుకెళ్తే ఆయన హెడ్‌స్పేస్ గేజ్ పెట్టి చూసి అదే మాట చెప్పాడు. బోల్ట్ మూసుకున్నాక గుండు వెనకాల ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఖాళీ ఉంటే కాల్చినప్పుడు తూటా గొట్టం చిరిగి వేడి గ్యాస్ మొహం మీదకి రావచ్చు. బోల్ట్ హెడ్ మార్చి సరిచేసి ఇచ్చాడు, రిపేరు ఖర్చు కన్నా ఆ అమ్మినాయన మీద కోపమే నాకు ఎక్కువ మిగిలింది. గన్ షో చూడ్డానికి మంచిదే, నాలుగు రకాలు చేత్తో పట్టుకోవచ్చు, కానీ మొదటి రైఫిల్ అక్కడ కొనొద్దనేది నా గట్టి అభిప్రాయం.

అసలు మొదట వెళ్ళాల్సింది అలబామాలోని యానిస్టన్. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్, అందరూ సీఎంపీ అంటారు, 1903లో ప్రభుత్వం మొదలుపెట్టిన కార్యక్రమం, 1996లో కాంగ్రెస్ చట్టంతో లాభాపేక్ష లేని విడి సంస్థ అయింది. ఆర్మీ దగ్గర మిగిలిపోయిన ఎమ్1 గ్యారండ్‌లు (రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు మోసిన రైఫిల్) జనానికి అమ్మేది వీళ్ళే. విదేశాలకి ఇచ్చినవి కూడా ఫిలిప్పీన్స్, టర్కీ నుంచి వెనక్కొచ్చి ఇక్కడికే చేరాయి. అయితే కొనాలంటే యూఎస్ సిటిజన్ అయ్యుండాలి, వాళ్ళ అనుబంధ క్లబ్ ఒకదాంట్లో మెంబరై ఉండాలి, షూటింగ్‌లో పాల్గొన్నట్టు రుజువు చూపాలి. ఈ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి, నా ముందున్న ఒకాయన క్లబ్ కార్డు మర్చిపోయి ఉత్త చేతుల్తో తిరిగెళ్ళాడు పాపం.

అట్లాంటా నుంచి ఐ-20 మీద తొంభై మైళ్ళు. అలబామా బోర్డర్ దాటగానే గడియారం గంట వెనక్కి పోతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరితే షాపు తెరిచే టైముకి హాయిగా చేరొచ్చు, తెరవకముందే లైను ఉంటుంది, మంచివి ముందు వచ్చినవాళ్ళకే. లోపల ర్యాకుల నిండా గ్యారండ్‌లు, ఒక్కోటీ తీసి చూసుకోవచ్చు, ఎవరూ తొందరపెట్టరు. నాకు బాగా నచ్చింది ఏంటంటే ప్రతి రైఫిల్‌కీ ఒక ట్యాగు ఉంటుంది, బారెల్ మూతి దగ్గర ఎంత అరిగింది, లోపల గొంతు దగ్గర ఎంత అరిగింది అని గేజ్‌తో కొలిచి రెండు అంకెలు రాసి పెడతారు, అంకె ఎంత తక్కువైతే బారెల్ అంత మంచిది. గన్ షోలో "అన్నీ బాగున్నాయి" విన్న చెవులకి ఆ రెండు అంకెలు ఎంత హాయో చెప్పలేను. కౌంటర్ దగ్గర పెద్దాయన నేను ఎంచుకున్న ఒకటి తీసుకుని, ఇది చెక్క అందంగా ఉంది గానీ బారెల్ అరిగింది, నువ్వు కాల్చాలనుకుంటే పక్కది తీసుకో అని తనే మార్పించాడు.

ఆ పక్కది చూస్తే రిసీవర్ మీద ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అని ఉంది! మన ఊళ్ళల్లో మహీంద్రా వాళ్ళు తెచ్చిన ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టర్ గుర్తుందా, ఆ కంపెనీయే. కొరియా యుద్ధం రోజుల్లో వాళ్ళకీ రైఫిళ్ళ కాంట్రాక్టు ఇచ్చారు. మా తాత పొలంలో ఆ ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చుని పెరిగినవాణ్ణి, ఇంక వేరేది చూడలేదు. సర్వీస్ గ్రేడ్ (రైఫిల్ ఎంత బాగుందో చెప్పే సీఎంపీ తరగతుల్లో ఒకటి), వెయ్యి డాలర్లకి అటూ ఇటూగా పడింది, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక అదే రోజు చేతికిచ్చారు.

రాత్రికి పక్కనే ఆక్స్‌ఫర్డ్‌లో హైవే మీద మామూలు హోటల్, శుభ్రంగా ఉంది, అంతకు మించి చెప్పడానికి ఏం లేదు. రైఫిల్ కార్లో వదలకండి, తాళం వేసిన కేసులో రూముకి తెచ్చుకోవచ్చా అని బుకింగ్‌కి ముందే అడగండి. దగ్గర్లోనే ఉన్న టాలడేగాలో కార్ రేసులు ఉన్న వారాంతాల్లో, ఏప్రిల్, అక్టోబర్ వైపు, అద్దెలు బాగా పెరుగుతాయి. వెజిటేరియన్లకి తిండి కష్టమే, మేం పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాం కాబట్టి బతికాం. యానిస్టన్ దాకా వెళ్ళి ఫ్రీడమ్ రైడర్స్ స్మారకం చూడకుండా రావద్దు. 1961 మే 14న నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ప్రయాణిస్తున్న బస్సుని ఇక్కడే తగలబెట్టారు. పాత ఆయుధాలంటే ఇష్టమున్న నేను అక్కడ చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డా.

మర్నాడు టాలడేగా మార్క్స్‌మన్‌షిప్ పార్క్, అదీ సీఎంపీ వాళ్ళదే, 500 ఎకరాలు, 2015లో తెరిచారు. ఇలాంటి రేంజ్ నేనెక్కడా చూడలేదు. టార్గెట్లు ఎలక్ట్రానిక్‌వి, గుండు దాటే చప్పుడుని మైకులు పట్టుకుని ఎక్కడ తగిలిందో మన పక్కనున్న మానిటర్‌లో చూపిస్తాయి, కాగితం చూడ్డానికి నడిచి వెళ్ళే పనే లేదు. 600 గజాల దాకా ఉంది, నేను 100తో మొదలుపెట్టా. రేంజ్ ఆఫీసర్ నా చెయ్యి పట్టుకుని క్లిప్ (గుండ్లని కలిపి పట్టి ఉంచే ఇనప రేకు) ఎలా నెట్టాలో చూపించాడు, ఎనిమిది గుండ్లూ ఒక్క క్లిప్‌లో పైనుంచి పెట్టాలి, అరచేతి అంచుతో బోల్ట్ పిడిని ఆపకపోతే అది ముందుకి దూకి బొటనవేలు నలిపేస్తుంది. మొదటి క్లిప్ అంతా ఎడమకి పోయింది, గురి సరిచేసే మర తిప్పితే ఒక్క క్లిక్‌కి 100 గజాల్లో ఒక అంగుళం కదులుతుందని చెప్పి నాలుగు క్లిక్కులు తిప్పించాడు, రెండో క్లిప్‌లో ఆరు నల్లటి వృత్తంలో పడ్డాయి. ఎనిమిదోది అయిపోగానే ఖాళీ క్లిప్ టింగుమని ఎగిరింది. గుండ్ల విషయంలో జాగ్రత్త, షాపుల్లో దొరికే వేటకి వాడే గట్టి థర్టీ ఆట్ సిక్స్ (గ్యారండ్‌కి పట్టే సైజు) గుండ్లు వేస్తే దీని ఆపరేటింగ్ రాడ్, అంటే బోల్ట్‌ని వెనక్కి లాగే కడ్డీ, వంగిపోవచ్చు, గ్యారండ్ కోసం అని రాసున్నవే కొనండి. పాత మిలిటరీ గుండ్లు కొన్నిటి ప్రైమర్ (గుండు అడుగున నిప్పు రాజేసే మందు) కాలాక బారెల్లో ఉప్పు మిగులుస్తుంది, నూనెకి అది పోదు, నీళ్ళతో కడిగి ఆరబెట్టి అప్పుడు నూనె రాయాలి.

మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి దసరా సెలవుల్లో హార్ట్‌ఫర్డ్‌లో ఉండే మా బావమరిది ఇంటికి వెళ్ళినప్పుడు వెళ్ళా, వాళ్ళ ఇంటి నుంచి అరగంట. 1794 నుంచి 1968 దాకా నడిచిన ఆయుధ కర్మాగారం, ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ మ్యూజియం, టికెట్ లేదు. రైఫిళ్ళు సరే, నన్ను నిలబెట్టేసింది మాత్రం థామస్ బ్లాంచర్డ్ లేత్, వంకరటింకరగా ఉండే చెక్క బట్‌ని ఒక నమూనా చూసి అలాగే చెక్కే మెషీన్. ఎమ్1 రైఫిల్ డిజైన్ చేసిన జాన్ గ్యారండ్ పనిచేసింది ఇక్కడే, క్యుబెక్ నుంచి వచ్చిన కుటుంబం. తన డిజైన్ హక్కులు ప్రభుత్వానికి రాసిచ్చేశాడు, లక్షలకి లక్షలు తయారైన రైఫిల్ మీద రాయల్టీ ఒక్క డాలర్ కూడా తీసుకోలేదు, లక్ష డాలర్లు బహుమతి ఇవ్వాలని కాంగ్రెస్‌లో బిల్లు పెడితే అదీ పాస్ కాలేదు. చదివి బాధేసింది.

డబ్బూ టైమూ ఒక్క ట్రిప్‌కే ఉంటే యానిస్టన్, టాలడేగా కలిపి రెండు రోజులు పెట్టుకోండి, పార్క్ ఏ రోజులు తెరుస్తారో చూసుకుని బుక్ చేసుకోండి. ఇషాపూర్‌ది కూడా సరైంది కాబట్టి ఈసారి దాన్నీ తీసుకెళ్తున్నా, పెదనాన్న సంక్రాంతి అయ్యాక వస్తున్నారు, ఆయనకి విజిటర్ వీసా కాబట్టి ముట్టుకోనివ్వను, వెనకాల కుర్చీలో కూర్చుని మానిటర్ చూస్తూ నన్ను తిడతారు.