కొలెస్ట్రాల్ మాత్ర, మినరల్ మాత్ర: కలిపి వేసుకోవాలా, ఎడం పెట్టాలా?

రాత్రి భోంచేశాక ఆ పూట మాత్రలన్నీ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్కలో మింగేయడం చాలామందికి అలవాటు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఒకటి, పక్కనే కాల్షియమో మెగ్నీషియమో జింకో. మరిచిపోయే భయం లేదు కాబట్టి పద్ధతి సుఖంగానే ఉంటుంది. అది మేలా, ఎడం పెట్టడం మేలా అంటే, మీరు వాడే కొలెస్ట్రాల్ మందు పేరేమిటో ముందు చూడాలి.

రోసువాస్టాటిన్ అయితే ఎడం పెట్టాల్సిందే. అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉన్న, ఎసిడిటీకి వాడే యాంటాసిడ్‌తో కలిపి వేసుకుంటే రక్తంలోకి చేరే మందు దాదాపు సగానికి పడిపోతుంది. మందు వేసుకున్న రెండు గంటల తర్వాత యాంటాసిడ్ తాగితే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఈ లెక్క తేలింది యాంటాసిడ్ మీదే అయినా, మెగ్నీషియం మాత్రకూ అదే జాగ్రత్త పాటించడంలో పోయేదేమీ లేదు. అలాగని ఇన్నాళ్లూ కలిపి మింగినవాళ్లు కంగారు పడక్కర్లేదు. స్టాటిన్ డోసు రెట్టింపు చేసినా చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. కాబట్టి సగం మందు అందకపోయినా కొంప మునిగిపోదు. కాకపోతే వేసుకున్న మందును చేజేతులా ఎందుకు పోగొట్టుకోవాలి?

అటోర్వాస్టాటిన్‌కి ఇంత పట్టింపు లేదు. అలాంటి యాంటాసిడ్‌తో దాని మోతాదూ రక్తంలో సుమారు 35 శాతం తగ్గుతుంది గానీ, ఎల్‌డీఎల్ తగ్గడంలో తేడా కనిపించలేదు. రెండు వేళలు గుర్తుపెట్టుకోలేక అసలు మందే మానేసే మనిషైతే, కలిపి వేసుకోవడమే నయం అంటాను.

కొలెస్ట్రాల్ తగ్గించడానికే ఇచ్చే కొలెస్టైరమిన్ పొడి వాడేవారి సంగతి వేరు. అది పేగుల్లో పిత్త ఆమ్లాలతో పాటు పక్కనున్న మందులనూ పట్టేసుకుంటుంది. మిగతావన్నీ దానికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి.

ఇక చాలామంది గమనించని చిక్కు థైరాయిడ్ మాత్ర దగ్గర ఉంది. పరగడుపున లెవోథైరాక్సిన్ వేసుకుని, వెంటనే టిఫిన్‌తో కాల్షియమో ఐరనో మింగితే థైరాయిడ్ మందు సరిగా ఒంటబట్టదు. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, పైగా స్టాటిన్ వల్ల కండరాలు దెబ్బతినే ముప్పూ ఎక్కువవుతుంది. అప్పుడు నింద స్టాటిన్ మీద పడుతుంది! థైరాయిడ్ మాత్రకూ, కాల్షియం లేదా ఐరన్ మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి.

అసలు మినరల్ మాత్ర వేసుకోకపోవడం కూడా ఒక దారే. పరీక్షలో లోపం తేలితే, లేదా డాక్టరు కారణం చెప్పి రాస్తే, తప్పకుండా వాడాలి. కాళ్లు పీకుతున్నాయని ఎవరో చెబితే మెగ్నీషియం మొదలుపెట్టడం మాత్రం నాకు నచ్చదు. స్టాటిన్ మీద ఉన్నప్పుడు కండరాల నొప్పి వస్తే ముందు డాక్టరుకు చెప్పి, అవసరమైతే కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే రక్తపరీక్ష చేయించుకోవాలి. మూత్రం ముదురు రంగులోకి మారితే ఆలస్యం చేయకూడదు. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో మెగ్నీషియం ఒంట్లోనే పేరుకుపోతుంది. జింక్ పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే మంచి కొలెస్ట్రాల్ అనుకునే హెచ్‌డీఎల్ తగ్గుతుంది, రాగి లోపమూ వస్తుంది. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో సింవాస్టాటిన్, నయాసిన్ (ఒక రకం బి విటమిన్) కలిపి వాడినవారికి సెలీనియం, విటమిన్ ఇ, విటమిన్ సి, బీటా కెరోటిన్ తోడిస్తే హెచ్‌డీఎల్‌లో రావాల్సిన పెరుగుదల తగ్గింది.

స్టాటిన్, మినరల్ మాత్ర రెండూ తప్పనిసరైతే నేను చెప్పే ఏర్పాటు ఇది: కాల్షియం కార్బొనేట్ మధ్యాహ్నం అన్నంతో, రోసువాస్టాటిన్ రాత్రి పడుకోబోయే ముందు. ఈ స్టాటిన్ చాలాసేపు ఒంట్లో ఉంటుంది కాబట్టి ఏ వేళైనా ఫర్వాలేదు, రోజూ ఒకే వేళ అయితే చాలు. లిపిడ్ ప్రొఫైల్ పరీక్షలో కొలెస్ట్రాల్ ఆశించినంత తగ్గలేదని డాక్టరు డోసు పెంచబోతే, ఏ మాత్రలు ఏ వేళకు వేసుకుంటున్నారో, సప్లిమెంట్లతో సహా, ముందు చెప్పండి.