ఆన్‌లైన్ లీగల్ సర్వీసు: నోటీసు వరకు బాగుంది, కోర్టు దగ్గరే చిక్కు

విజయవాడలో మాది ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం. అరువు ఇవ్వక తప్పదు, అప్పుడప్పుడూ చెక్కులు బౌన్స్ అవుతుంటాయి. అందుకే కొన్నేళ్లుగా ఒక ఆన్‌లైన్ లీగల్ సైటు వాడుతున్నాను.

నోటీసుల పని చాలా బాగా చేస్తారు. రేటు ముందే తెలుస్తుంది. చెక్కు వెనక్కొచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో అవతలివాళ్లు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. ఈ గడువులు సైటే గుర్తు చేస్తుంది కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఇన్‌వాయిస్ నంబర్లు సరిచూసి ఓకే అంటే లాయర్ సంతకంతో పోస్టులో వెళ్తుంది. నోటీసు అందగానే ఫోన్ చేసి బాకీ తీర్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

కోర్టు కేసుకి మాత్రం ఈ ప్యాకేజీలు వద్దంటాను. స్టార్ రేటింగులు చూపించి లాయర్‌ని ఇచ్చారు, డబ్బు సైటుకే కట్టించుకున్నారు. వాయిదాకి ఆయన రాలేదు. వచ్చిన జూనియర్‌కి ఫైల్లో ఏముందో తెలియదు. సైటువాళ్లని అడిగితే, ‘మేం పరిచయం చేసేవరకే, కేసు లాయర్ బాధ్యత’ అన్నారు. డబ్బు కట్టేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

2024 జూలైలో మద్రాస్ హైకోర్టు, ఇలాంటి పోర్టళ్లలో లాయర్ల ప్రకటనలు తీయించాలని, లాయర్లకి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్‌ని ఆదేశించింది. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. 2008 సవరణ వల్ల సొంత వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ కేసులు చూస్తారు వంటివి పెట్టుకోవచ్చు. తీర్పు తర్వాత నేను వాడే సైటులో స్టార్లు పోయాయి. మంచిదే అయింది. ఆ స్టార్లు ఎవరిచ్చారో, ఏ పనికి ఇచ్చారో మనకి తెలిసే దారే లేదు. కానీ ఆ అనుమతించిన వివరాల్లో ఫీజు లేదు. సుమారుగా ఎంతవుతుందో తెలియకుండా చిన్న వ్యాపారి లాయర్ గడప ఎక్కడానికే జంకుతాడు. ఫీజు చెప్పడాన్ని ప్రకటన కింద లెక్కగట్టకుండా నియమం మార్చాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇప్పుడు నోటీసులకే సైటు వాడుతున్నాను. కేసుకైతే మన కోర్టులో రోజూ కనిపించే లాయర్ గారిని కలిసి, ఫీజు మాట్లాడుకుని, వకాల్తా ఇస్తున్నాను. వాయిదా తేదీలు ఈ-కోర్ట్స్ యాప్‌లో అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఇచ్చే గుర్తింపు నంబరు) కొట్టి నేనే చూసుకుంటాను, అది ఉచితం. సలహా ఒక్కటే కావాలంటే కామన్ సర్వీస్ సెంటర్‌లో టెలి-లా (ఫోన్‌లోనో వీడియోలోనో లాయర్ సలహా ఇప్పించే ప్రభుత్వ సేవ) ఉంది, దానికీ రూపాయి కట్టక్కర్లేదు.

నోటీసులకి 5కి 4 ఇస్తాను. కోర్టు ప్యాకేజీకి 1.