అడవినాభి: ఏడు వానాకాలాలు కుండీలో పెంచాక

అగ్నిశిఖ అని కూడా పిలిచే అడవినాభి మన అడవుల్లో, కంచెల మీద తనంతట తాను పాకే తీగ. హైదరాబాద్ మిద్దె మీద ఏడు వానాకాలాలు చూశాక పూతకు వంక పెట్టలేను. ఏడాదిలో సగం రోజులు మాత్రం కుండీ బోడిగా ఉంటుంది. అది ఓర్చుకోలేనివాళ్లకు ఈ మొక్క నప్పదు.

దుంప నాగలిలా వంగి ఉంటుంది, లాంగలి అన్న సంస్కృత నామం అందుకే. ఒక్కో కొమ్ము కొసన ఒక్కటే కన్ను. అది విరిగితే ఆ కొమ్ము ఇక మొలవదు, కాబట్టి కొనేటప్పుడు దుంప లావు కన్నా కన్ను చూసుకోండి. గింజతో మొదలుపెడితే పువ్వుకు మూడు, నాలుగేళ్లు ఆగాలి.

14 అంగుళాల కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు వర్మీకంపోస్టు. నల్లరేగడి నీరు పట్టి దుంపను కుళ్లబెడుతుంది. నాంపల్లిలో చేప ప్రసాదం పంచే మృగశిర కార్తెకు అటూ ఇటూగా, దుంపను అడ్డంగా పడుకోబెట్టి రెండంగుళాల మట్టి కప్పాలి. మొలకకు రెండు వారాలు పట్టొచ్చు, నెలా పట్టొచ్చు. ఆత్రంతో తవ్వి చూస్తే పోయేది కన్నే.

ఆకు కొసలే దీనికి నులితీగలు. సన్నటివాటినే చుట్టుకుంటాయి. లావు వెదురుబొంగు పాతితే తీగ జారి కూలబడుతుంది. పురికొస కట్టండి, లేదా సన్న తీగ జాలీ పెట్టండి, ఆరడుగులు ఎక్కుతుంది. ఆకుపచ్చ పసుపుగా విచ్చిన రేకులు రోజులు గడిచేకొద్దీ ఎర్రబారతాయి. చూడాల్సింది అదే.

నల్లటి ఒంటిపై ఎరుపు, తెలుపు మచ్చలున్న గొంగళిపురుగులు రెండు రోజుల్లో తీగను ఈనెలు చేసేస్తాయి. పొద్దున్నే ఏరి సబ్బునీళ్లలో వేయడమే మేలు. చిన్నవైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి చల్లినా ఆగుతాయి.

చలికాలం మొదట్లో తీగ పండిపోగానే నీళ్లు ఆపేసి, కుండీని మెట్ల కింద పెట్టేయండి. పాపమని ఎండాకాలంలో పోసే చెంబెడు నీళ్లే దుంపను చంపేది.

మొక్కంతా విషం, దుంప మరీను. అందులో ఉండేది కోల్చిసిన్. చూడ్డానికి చిలగడదుంపలా ఉంటుంది కనుక వంటింటి దరిదాపుల్లో దాచకండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఎవరైనా కొరికితే ఇంటి వైద్యం వద్దు, నేరుగా ఆసుపత్రికే. పాకే పిల్లలు, కుక్కపిల్లలు ఉన్న ఇంటికి తంగేడు తెచ్చుకోండి.