కర్నూలులో ఒక శనివారపు పీసీఓఎస్ క్లినిక్: పరీక్షలకు లోటు లేదు, మనసు సంగతి మాత్రం మనమే అడగాలి

కర్నూలులోని ప్రైవేటు ఆసుపత్రులలో ఈ మధ్య 'పీసీఓఎస్ ప్యాకేజీ' అనే బోర్డులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. పీసీఓఎస్ అంటే హార్మోన్ల తేడా వల్ల ఆడవారిలో నెలసరి క్రమం తప్పడం, ముఖం మీద వెంట్రుకలు రావడం వంటివి కనిపించే సమస్య. స్కానింగు, రక్తపరీక్షలు, గైనకాలజిస్టు సంప్రదింపు, డైటీషియన్ సలహా, కౌన్సెలింగు అన్నీ కలిపి 3,500 రూపాయలకు ఒకే పూటలో ముగిస్తామని చెప్పే అటువంటి ఒక శనివారపు క్లినిక్‌కు, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న మా చిన్నాన్న కూతురిని తీసుకుని, మా పిన్నితో కలిసి వెళ్లాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు. విచారిస్తే ఇలాంటి ప్యాకేజీలు చాలాచోట్ల ఇంచుమించు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయని తెలిసింది కనుక, ఒక్కరి పేరు చెప్పి ప్రయోజనం లేదు. మా చెల్లెలు చదివి సరేనన్న తరువాతే ఆమె సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా పరీక్షల సంగతి చెబుతాను, ఎందుకంటే వీరు బాగా చేసిన పని అదే. పరగడుపున రావాలని, స్కానింగుకు నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలని ముందురోజే ఫోన్ చేసి చెప్పారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి, మళ్లీ రెండు గంటలకు రక్తం తీసి చక్కెర చూశారు. ఈ సమస్య ఉన్నవారిలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం మామూలు కనుక, పరగడుపు పరీక్ష ఒక్కటే చేసి పంపేవారికన్నా వీరు నయం. నెలసరి తప్పడానికి వేరే కారణాలు ఉండవచ్చునని థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు కూడా చూశారు. స్కానింగు చేసిన డాక్టరమ్మ, తెరమీద కనిపించేవి కోసి తీయవలసిన గడ్డలు కావని, అండాశయాలలో పూర్తిగా పెరగకుండా మధ్యలో ఆగిపోయిన అండపు సంచులని ఓపికగా వివరించింది. 'గర్భసంచిలో నీటిబుడగలు' అని ఎవరో చెప్పగా విని ఆపరేషన్ తప్పదని భయపడుతున్న మా పిన్నికి ఆ నాలుగు మాటలతో సగం బరువు దిగిపోయింది.

అయితే ఆ స్కానింగు మా అమ్మాయికి అవసరమా అన్నది వేరే ప్రశ్న. 2003 నాటి రాటర్‌డ్యామ్ ప్రమాణాల ప్రకారం నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉన్న లక్షణాలు, స్కానింగులో కనిపించే మార్పులు అనే మూడింటిలో రెండు ఉంటే పీసీఓఎస్‌గా నిర్ధారిస్తారు. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండని పిల్లలలో మాత్రం నిర్ధారణ కోసం స్కానింగు మీద ఆధారపడవద్దని, మొదటి రెండు లక్షణాలూ ఉండాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా చెల్లెలికి అప్పటికి ఏడేళ్లయినా నిండలేదు, ఆ రెండు లక్షణాలూ స్పష్టంగానే ఉన్నాయి. ప్యాకేజీ అన్నాక అందరికీ ఒకే కొలత కుట్టేస్తారు, ఏం చేస్తాం!

ఇక బరువు చూసే విధానం. తూకం యంత్రాన్ని రిసెప్షన్ పక్కనే, వరుసగా వేసిన కుర్చీల ఎదుట పెట్టారు. నర్సు ఒక్కొక్కరినీ ఎక్కించి, వచ్చిన అంకెను అటువైపు కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికి వినపడేలా గట్టిగా చదువుతుంది. 'డెబ్బై ఎనిమిదీ!' అన్న కేక వినగానే మా చెల్లెలు చున్నీ సర్దుకుంటూ దిగి, ఖాళీ కుర్చీలు ఎన్ని ఉన్నా గోడవైపు మూలకు వెళ్లి నిలుచుంది. పైన చెప్పిన మార్గదర్శకాలే, బరువు ఎందుకు చూస్తున్నారో చెప్పి, రోగి అనుమతి తీసుకుని చూడాలని కూడా అంటున్నాయి. యంత్రాన్ని లోపలి గదిలోకి జరపడానికి ఇద్దరు మనుషులు చాలు.

గైనకాలజిస్టు అనుభవజ్ఞురాలు, తొందరలో ఉన్నా తప్పించుకునే మనిషి కాదు. మూడు నెలలు దాటి నెలసరి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమయ్యే ప్రమాదం ఉంది కనుక మందు వాడవలసి వస్తుందని, గడ్డం మీది వెంట్రుకల విషయంలో మాత్రలకు కనీసం ఆరు నెలలు గడువివ్వాలని, బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా మంచి ఫలితం ఉంటుందని స్పష్టంగా చెప్పారు. 'రేపు పెండ్లయితే పిల్లలు పుడతారు గదా మేడమ్?' అని పిన్ని అడిగితే, 'చాలామందికి పుడతారమ్మా, అవసరమైతే అండం విడుదలయ్యేందుకు లెట్రోజోల్ లాంటి మాత్రలు ఉన్నాయి, ఇప్పుడే బెంగ పెట్టుకోవద్దు' అని ధైర్యం చెప్పారు. జవాబు సరైనదే. కానీ ఆ గదిలో ఉన్నంతసేపూ మాట్లాడింది పిన్ని, డాక్టరు, కొంత నేను. రోగి నోటినుంచి వచ్చినవి 'ఊఁ', 'లేదు మేడమ్', అంతే. నిద్ర ఎలా పడుతోంది, చదువు సాగుతోందా, మనసు ఎలా ఉంది అనే ప్రశ్న ఎవరి నుంచీ రాలేదు.

డైటీషియన్ ఇచ్చిన అచ్చు కాగితంలో ఓట్స్, ఆలివ్ నూనె, బ్రకోలీ, గ్రీన్ టీ ఉన్నాయి. హాస్టల్ మెస్సులో తినే పిల్లకు, అదీ పొద్దున ఉగ్గాని, బజ్జీ దొరికే ఊళ్లో, ఆ కాగితం దేనికి పనికొస్తుందో నాకు తెలియలేదు. పీసీఓఎస్‌కు ఫలానా ఆహారమే మిగతావాటికన్నా మేలని తేలలేదు కనుక, జొన్నరొట్టె, కొర్రన్నం, పప్పు, ఆకుకూరలతోనే అన్నం కొలత తగ్గించే దారి చూపిస్తే సరిపోయేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్యాకేజీ కాగితంలో చివరి వరుస కౌన్సెలింగు. అది ఎక్కడ అని అడిగితే, డైటీషియన్ గదిలోనే అయిపోయిందని చెప్పి రిసెప్షన్‌లోని అమ్మాయి టిక్కు పెట్టేసింది. వ్యాయామం చేయాలి, బేకరీ తిండి మానాలి అన్నదే వారి లెక్కలో కౌన్సెలింగన్నమాట. కాస్త గట్టిగా అడిగాక, పై అంతస్తులో లిఫ్టు పక్కన సైకాలజిస్టు ఉంటారని, ఒంటిగంటకు వెళ్లిపోతారని, కావాలంటే కలవవచ్చునని చెప్పారు. ఆ బోర్డు చూడగానే పిన్ని ఆగిపోయింది. 'మా పాపకేమన్నా పిచ్చా? ఆడికెందుకు మనకు?' అంది. తప్పు పిన్నిది కాదు. గైనకాలజిస్టు తన నోటితో 'అక్కడికి కూడా వెళ్లండి' అని ఉంటే ఈ మాటే వచ్చేది కాదు.

ఆ సైకాలజిస్టు పనితనం గురించి మాత్రం ఎంత మంచిగా రాసినా తక్కువే. 'అమ్మా, మీరొక పది నిమిషాలు బయట కూర్చోండి, తరువాత మీతో కూడా మాట్లాడతాను' అని పిన్నిని నొప్పించకుండా పంపి, అక్క ఉంటే పర్వాలేదా అని అమ్మాయిని అడిగి, ఆమె తల ఊపిన తరువాతే నన్ను ఉండనిచ్చింది. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితాన్ని తెలుగులో ఇచ్చింది. గత రెండు వారాలలో పనులమీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా, నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత ఎలా ఉన్నాయి అని అడిగే ఆ కాగితంలో ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు వరకు మార్కులు ఉంటాయి, మొత్తం 27. చనిపోవాలనిపించడం గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నను ఆమె కాగితానికి వదిలేయకుండా తానే చదివి, పెన్ను పక్కన పెట్టి, జవాబు కోసం ఆగింది. మా చెల్లెలు లేదంది. మరో రకంగా మళ్లీ అడిగి, లేదనే నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లింది. మొత్తం పదమూడు వచ్చింది. పది నుంచి పద్నాలుగు వరకు వస్తే మధ్యస్థాయి డిప్రెషన్ లక్షణాలుగా చూస్తారు.

ఆ తరువాత అమ్మాయి మాట్లాడింది. పెన్నుల పౌచ్‌లో ప్లక్కర్ పెట్టుకుని కాలేజీకి వెళుతున్నదని, మధ్యాహ్నం బాత్రూములో అద్దం ముందు గడ్డం చూసుకోనిదే తరగతిలో కూర్చోలేకపోతున్నదని, కరోనా పోయినా తాను మాస్కు తీయకపోవడానికి కారణం దుమ్ము కాదని, మొన్నటి ఇంట్లో పెళ్లికి పరీక్షలున్నాయని చెప్పి రాకపోవడం ఫోటోల భయంతోనేనని చెప్పింది. ఇవన్నీ ఆరేడు చీటీలున్న ఆమె ఫైలులో ఎక్కడా లేవు.

ఈ సమస్యతో ఉన్నవారి జీవన నాణ్యతను కొలవడానికే 1998లో 26 ప్రశ్నల పత్రం ఒకటి తయారైంది. అందులో భావోద్వేగాలు, ఒంటి వెంట్రుకలు, బరువు, సంతానలేమి, నెలసరి ఇబ్బందులు అని ఐదు భాగాలు ఉంటాయి. ఈ ప్యాకేజీని దాని పక్కన పెట్టి చూస్తే, చివరి నాలుగింటికీ ఒక్కొక్క గది, ఒక్కొక్క బిల్లు ఉన్నాయి, మొదటిదానికి మాత్రం అడిగితేనే తెలిసే తలుపు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానవయస్సులోని స్త్రీలలో నూటికి పదమూడు మంది వరకు ఈ సమస్యతో ఉన్నారు. వారిలో డిప్రెషన్, ఆందోళన మిగతావారికన్నా ఎక్కువగా ఉంటాయని, బరువు తేడాను పక్కనపెట్టి లెక్కించినా ఆ ఎక్కువ పోదని పరిశోధనలు చూపించాయి. అందుకే పీసీఓఎస్ అని తేలిన ప్రతివారినీ డిప్రెషన్, ఆందోళనల కోసం పరిశీలించాలని 2023 మార్గదర్శకాలు చెప్పాయి. 'బరువు తగ్గితే దిగులు అదే పోతుంది' అని డైటీషియన్ అన్న మాట దీనితో పొసగదు. పొద్దున మంచం దిగడానికే మనసు రాని పిల్లను రోజూ గంట నడవమంటే నడుస్తుందా?

మరొక లోపం ఆరోగ్యానికే సంబంధించినది. సైకాలజిస్టు రాసుకున్నది ఆమె దగ్గరే ఉండిపోయింది, గైనకాలజిస్టు ఫైలులోకి రాలేదు. హార్మోను మాత్రలు కొందరిలో మనసు మీద ప్రభావం చూపవచ్చు. అలాగే డిప్రెషన్‌కు వాడే మందులలో కొన్ని బరువు పెంచుతాయి. ఒకరు రాసేది మరొకరికి తెలియాలి. ఆ పని ఆసుపత్రి చేయలేదు కనుక నేనే పీహెచ్‌క్యూ కాగితాన్ని జిరాక్స్ తీయించి, కిందికి వెళ్లి డాక్టరుకు ఇచ్చాను. ఆమె చదివి, మాత్రలు మొదలుపెట్టాక దిగులు పెరిగితే గడువు కోసం చూడకుండా రమ్మని చీటీ మీద రాశారు. చూడడానికి ఆమెకు అభ్యంతరం లేదు, చూపించే ఏర్పాటే లేదు.

మార్కులు వేయవలసి వస్తే పరీక్షలకు ఐదుకు నాలుగు, గైనకాలజిస్టుకు మూడున్నర, డైటీషియన్‌కు రెండు, సైకాలజిస్టుకు ఐదూ ఇస్తాను, ఆమెను దాచిపెట్టినందుకు ఆసుపత్రికి ఒకటి. డైటీషియన్ దగ్గరికి మూడుసార్లు ఉచితంగా రావచ్చు గాని, సైకాలజిస్టు దగ్గర రెండోసారి కూర్చోవడానికి 500 రూపాయలు విడిగా కట్టాలి.

వెళ్లదలచుకున్నవారు ఫోన్‌లో పేరు రాయించుకునేటప్పుడే సైకాలజిస్టు ఆ శనివారం ఉన్నారా అని అడిగి, గ్లూకోజు తాగాక ఖాళీగా కూర్చునే రెండు గంటలలోనే ఆమెను కలిసే ఏర్పాటు చేయించుకోండి. అంత ఖర్చు పెట్టలేనివారికి కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక ఇబ్బందులలో సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. హాస్టల్లో ఉండే పిల్లలకు ఇదే సులువు. మా చెల్లెలు ఆ నంబరును ఫోన్‌లో వేసుకుంది, సైకాలజిస్టు దగ్గరికి రెండోసారి పిన్నితోనే వెళ్లింది.