టీమ్ లీడర్‌గా ఏది మేలు: క్రైసిస్ టీమా, లియేజాన్ టీమా?

ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో మానసిక ఆరోగ్య నర్సులుగా బ్యాండ్ 6 (జీతపు శ్రేణి) దాకా వచ్చిన మనవాళ్లు తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. టీమ్ లీడర్ కొలువు రెండుచోట్లా సాధారణంగా బ్యాండ్ 7 కాబట్టి జీతాన్ని బట్టి తేల్చుకోవలసింది పెద్దగా లేదు. రోగిని ఇంటికి పంపాక ఆ రాత్రి అతని భారం ఎవరి మీద ఉంటుందన్నదే నా దృష్టిలో అసలు తేడా.

లియేజాన్ టీమ్ అంటే సాధారణ ఆసుపత్రిలో ఉంటూ అక్కడి రోగుల మానసిక సమస్యలను చూసే బృందం. ఎమర్జెన్సీ నుంచి పిలుపు వచ్చిన గంటలోపు రోగిని చూడాలన్నది కోర్ 24 సేవల, అంటే రాత్రింబవళ్లు నడిచే లియేజాన్ సేవల, ప్రమాణం. మానసిక వార్డులో పడక దొరకక రోగి ఎమర్జెన్సీలోనే గంటల తరబడి ఉండిపోతే అటు ఆసుపత్రివారితోనూ ఇటు బెడ్ మేనేజర్‌తోనూ మాట్లాడి దారి చూపవలసినది టీమ్ లీడరే. డెలీరియం (ఒంటి జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే అయోమయం), ఓవర్‌డోస్ వంటి కేసుల వల్ల వైద్యపరంగా నేర్చుకునేది ఎక్కువ. అయితే అంచనా పూర్తయ్యాక ఆ రోగి చాలావరకు మరో బృందం చేతికి వెళ్లిపోతాడు.

క్రైసిస్ టీమ్‌లో భారం అక్కడే మొదలవుతుంది. 2000 నాటి ఎన్‌హెచ్‌ఎస్ ప్లాన్‌తో దేశమంతటా విస్తరించిన ఈ బృందాలు, లేకుంటే వార్డులో చేర్చవలసి వచ్చే మనిషిని ఇంటివద్దే, అవసరమైతే రోజుకు రెండుమూడుసార్లు చూస్తూ గట్టెక్కిస్తాయి. ఈరోజు ఎవరిని తప్పనిసరిగా చూడాలి, ఏ ఇంటికి ఇద్దరు కలిసి వెళ్లాలి, ఫోన్ ఎత్తని మనిషి కోసం ఎంతసేపు ఆగాలి అన్నవి ఉదయపు హ్యాండోవర్‌లోనే తేల్చాలి. ఆత్మహత్యను ముందుగా పసిగట్టడానికి రిస్క్ స్కేళ్లను (ముప్పును మార్కులతో కొలిచే ప్రశ్నావళులను) వాడవద్దని వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ 2022లో స్పష్టంగా చెప్పింది కనుక, నిర్ణయం మాటామంతీ మీద, ఇంటివాళ్లు చెప్పే విషయాల మీద ఆధారపడుతుంది. ఇది మనకు కలిసివచ్చే సంగతి కూడా: రోగి పక్కన కుటుంబ సభ్యుడు ఉండే వార్డుల్లో పనిచేసి వచ్చినవారికి ఇంటివాళ్లతో కలిసి నడవడం అలవాటే. ఎంత జాగ్రత్త పడినా ఒక ప్రాణం పోతే, చివరిసారి చూసి వచ్చిన నర్సు పక్కన కూర్చోవలసినదీ, కరోనర్ (అసహజ మరణాలను విచారించే అధికారి) విచారణ ముగిసేదాకా ఆమెకు అండగా నిలవవలసినదీ టీమ్ లీడరే.

ఈ రెండూ కాక మరో రెండు దారులున్నాయి. పోలీసులు మానసిక ఆరోగ్య చట్టం కింద తీసుకొచ్చినవారిని ఉంచి అంచనా వేసే సెక్షన్ 136 సూట్, చట్టం నేర్చుకోవడానికి మంచిదే కానీ, 24 గంటల గడువు చుట్టూ తిరిగే ఆ పని పరిధి చిన్నది. మానసిక సంక్షోభంలో ఉన్నవారు ఫోన్ చేసే 111 సేవ, ఎదుట కూర్చుని మాట్లాడే పనికి దూరం కాదలచినవారికే.

నేనైతే క్రైసిస్ టీమ్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే మనిషి తేరుకోవడం కళ్లారా చూసే అవకాశం అక్కడే ఎక్కువ. అయితే ఒక్కో షిఫ్ట్‌కు ఎంతమంది రోగులుంటారో, సాయంత్రం వేళ కన్సల్టెంట్ ఫోన్‌లో దొరుకుతారో లేదో, టీమ్ లీడర్‌కు సూపర్‌విజన్ ఎవరిస్తారో ఇంటర్వ్యూలోనే అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే, ఆ బృందాన్ని వదిలి లియేజాన్‌కే వెళ్లండి.