సిరిపురంలో సినిమా కాంట్రాక్టుల క్లాసు: ఆ సమ్మె పాఠం కోసమైనా వెళ్లండి

వైజాగ్ చుట్టుపక్కల షూటింగులకు ప్రొడక్షన్ పనులు చూస్తుంటాను. మాకు కాంట్రాక్టంటే అడ్వాన్స్ ఇచ్చి వోచర్ మీద సంతకం పెట్టించుకోవడమే, అందుకే సిరిపురంలో రెండు రోజుల క్లాసు ఉందనగానే 2,000 కట్టి చేరిపోయాను.

మొదటి రోజు జీఎస్టీ, కాపీరైట్ గబగబా చెప్పేశారు, పెద్దగా ఏమీ లేదు. రెండో రోజు పొద్దున సమ్మెల గురించి మూడు గంటలు చెప్పారు చూడండి, ఫీజు మొత్తం అక్కడే గిట్టింది.

2023 జులై 14 నుంచి అమెరికాలో నటుల యూనియన్ శాగ్-ఆఫ్ట్రా 118 రోజులు సమ్మె చేసింది కదా, అప్పుడు అక్కడ అన్ని షూటింగులూ ఆగిపోయాయనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆగలేదు. ఏఎంపీటీపీ అనే పెద్ద స్టూడియోల సంఘంతో సంబంధం లేని నిర్మాత ఎవరైనా, యూనియన్ అడిగే షరతులకు ఒప్పుకుని తాత్కాలిక ఒప్పందం మీద సంతకం చేస్తే, సమ్మె నడుస్తుండగానే ఆ యూనియన్ నటులతోనే షూటింగ్ చేసుకోనిచ్చారు. తర్వాత స్టూడియోలతో అసలు ఒప్పందం కుదిరితే అందులోని షరతులే వీళ్లకీ వర్తిస్తాయన్నారు. డైలీ సీరియళ్లయితే వేరే కాంట్రాక్టు కింద ఉండటంతో సమ్మెలోనూ నడిచాయి.

రిలీజ్ సంగతి నాకు అసలు తట్టనే లేదు. సమ్మెలో ఉన్న నటులు ప్రమోషన్లకీ రాకూడదు, హీరో రాకపోతే డిస్ట్రిబ్యూటర్ గతేంటి? అందుకని పూర్తయిపోయిన సినిమాలకూ ఈ ఒప్పందం ఇచ్చారు. అలా అనుమతి దొరకబట్టే నియాన్ అనే సంస్థ పంపిణీ చేసిన 'ఫెరారీ' సినిమా కోసం దాని హీరో ఆడమ్ డ్రైవర్ వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్లగలిగాడు.

ఇదంతా వింటుంటే 2025 ఆగస్టు గుర్తొచ్చి కడుపు మండింది. మన సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచమని 18 రోజులు సమ్మె చేసినప్పుడు, పెంచుతామని రాసిచ్చిన నిర్మాతల షూటింగులకు వస్తామని వాళ్ల యూనియన్ల ఫెడరేషన్ చెప్పింది. మా నిర్మాత రాసివ్వలేదు. భీమిలిలో షెడ్యూల్ ఆగింది, రూములకి కట్టిన అడ్వాన్స్ పోయింది, లైట్‌బాయ్‌లు పని లేక ఇళ్లకు వెళ్లిపోయారు. ఒక్క కాగితంతో పోయేదానికి అంత నష్టం!

క్లాసులో లోటు కూడా ఇక్కడే. మన దగ్గర అలాంటి కాగితం ఎలా రాసుకోవాలి, సమ్మె రోజుల్లో రూములు, బళ్ల డబ్బు ఎవరు భరించాలి అని అడిగితే టైమ్ అయిపోయిందన్నారు. నోట్సు కూడా మొత్తం ఇంగ్లిష్‌లోనే, నాతో వచ్చిన మేనేజర్ రెండో పేజీకే మడిచి పెట్టేశాడు. ఐదుకి మూడున్నర ఇస్తాను. తర్వాతి బ్యాచ్‌కి తెలుగులో ఒక నమూనా ఒప్పందం చేతికిస్తే మళ్లీ డబ్బు కట్టి, మా కుర్రాళ్లను కూడా తీసుకొస్తాను.