ఉసింగ్ ఛాంబర్‌లో కప్ప చర్మం: ఏళ్లుగా వాడుతున్నవాడి సమీక్ష

ఎపిథీలియం (శరీర ఉపరితలాలను కప్పే కణాల పొర) ఏ అయాన్‌కు దారి ఇస్తుందో, దేన్ని ఆపుతుందో స్వయంగా చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు ఇంతవరకు కనిపించలేదు. సరంజామా కూడా పెద్దదేం కాదు. రెండు గదుల మధ్య కప్ప పొట్ట చర్మం ముక్క, ఇరువైపులా రింగర్ ద్రావణం (శరీర ద్రవాన్ని పోలిన ఉప్పు నీరు), అందులోకి గాలి బుడగలు, వోల్టేజికి ఒక జత ఎలక్ట్రోడ్లు, కరెంటుకు ఇంకో జత. షార్ట్ సర్క్యూట్ కరెంటు (చర్మం మీద వోల్టేజిని సున్నాగా ఉంచడానికి పంపే కరెంటు) నికర సోడియం ప్రవాహానికి సమానమని హాన్స్ ఉసింగ్, జెరాన్ 1951లో చూపించింది ఇలాంటి గదుల్లోనే.

చర్మం బిగించాక అరగంట, ఒక్కోసారి గంట ఓపిక పట్టాలి. మంచి చర్మమైతే లోపలి వైపు బయటి వైపుకన్నా 50 నుంచి 100 మిల్లీవోల్టులు పాజిటివ్‌గా నిలుస్తుంది. చాలామంది చర్మం బిగించగానే వోల్టేజిని సున్నాకు క్లాంప్ చేసేస్తారు, అంటే సున్నా దగ్గర పట్టి ఉంచుతారు. నేను మాత్రం ముందు ఓపెన్ సర్క్యూట్‌లోనే, అంటే కరెంటు పంపకుండానే, ఉంచమంటాను. చర్మం ఆరోగ్యం అక్కడే తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది క్లోరైడ్ తీసేసి సల్ఫేట్ పెట్టి చేసే ప్రయోగం. సల్ఫేట్ చర్మాన్ని దాదాపు దాటలేదు కాబట్టి సోడియం వెంట పరుగెత్తే ఋణ అయాన్ ఉండదు, పొటెన్షియల్ ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు బయటి వైపు సోడియంను పదో వంతుకు తగ్గించండి. సిద్ధాంతం ప్రకారం సుమారు 58 మిల్లీవోల్టులు పడిపోవాలి. నాకు అంతకంటే కొంచెం తక్కువే వస్తుంది, కణాల మధ్య నుంచి ఎంతో కొంత లీకు ఎప్పుడూ ఉంటుంది మరి. అదే వైపు పొటాషియంను మార్చి చూస్తే ముల్లు పెద్దగా కదలదు. లోపలి వైపు కథ తలకిందులు: అక్కడ పొటాషియం పెంచితే పొటెన్షియల్ తగ్గుతుంది, సోడియం మారినా పెద్ద తేడా రాదు. ఒకే కణం రెండు ముఖాలూ వేర్వేరు అయాన్లను ఎంచుకుంటాయన్నమాట. కోఫోడ్-జాన్సెన్, ఉసింగ్ 1958లో ప్రతిపాదించిన నమూనా ఇదే. లోపలి ముఖాన పంపు సోడియంను కణం నుంచి బయటికి తోస్తూ, పొటాషియంను కణంలోకి తెస్తుంది. ఇంకో మాట: లోపలి వైపు పొటాషియం పెంచేటప్పుడు క్లోరైడ్ ఉంటే రెండూ కలిసి కణంలోకి వెళ్లి దాన్ని ఉబ్బిస్తాయి. సల్ఫేట్‌తో ఆ బెడద ఉండదు.

బయటి వైపు మైక్రోమోలార్ మోతాదులో అమిలోరైడ్ (బయటి ముఖంలోని సోడియం ఛానెల్‌ను మూసే మందు) వేస్తే కరెంటు క్షణాల్లో పడిపోతుంది, కడిగితే తిరిగొస్తుంది. అదే మందు లోపలి వైపు వేస్తే ఆ ఫలితం కనిపించదు. ఓవాబైన్ సంగతి వేరు. అది లోపలి వైపు పంపును నెమ్మదిగా ఆపుతుంది, కాబట్టి ఆ రోజు ఇంకో ప్రయోగం పెట్టుకోవద్దు. లిథియం ప్రయోగమూ తప్పక చేయండి: బయటి ఛానెల్ దాన్ని సోడియంలాగే లోపలికి పోనిస్తుంది, పంపు మాత్రం దాన్ని సరిగా బయటికి తోయలేదు. ఎంపిక ఒక్కచోటే జరగదని ఇంతకన్నా తేటగా చూపే ప్రయోగం నాకు తెలియదు.

ఇక ఇబ్బందులు. చర్మం అంచు నలిగితే నిరోధం కూలిపోతుంది, ఆ ముక్క నుంచి వచ్చిన ఏ అంకెనూ నమ్మలేం. అందుకే గదుల అంచుల్లో పలుచటి సిలికాన్ గ్రీజు రాస్తాను, స్క్రూలు మితంగా బిగిస్తాను. ఎలక్ట్రోడ్ల ఆఫ్‌సెట్‌ను (వాటంతట అవే చూపే వోల్టేజి తేడాను) చర్మం లేకుండా ముందే చూసుకోవాలి. ద్రావణం నిరోధాన్ని పరిహరించకపోతే క్లాంప్ సున్నా అని చూపించినా చర్మం మీద నిజంగా సున్నా ఉండదు. అగార్ బ్రిడ్జి (ఎలక్ట్రోడ్‌ను ద్రావణంతో కలిపే ఉప్పు జెల్ గొట్టం) ఎండిపోతే రీడింగ్ జారుతూనే ఉంటుంది.

పొర విడిచే సమయంలో కప్ప చర్మం లక్షణాలు మారతాయి, కాలాన్ని బట్టీ తేడా వస్తుంది. గ్రంథులు ఇంకో చిక్కు: అడ్రినలిన్ తగిలితే అవి క్లోరైడ్‌ను స్రవిస్తాయి, అప్పుడు కరెంటు సోడియందొక్కటే కాదు. ఆ గందరగోళం వద్దనుకుంటే టోడ్ మూత్రాశయమో, ఏ6 కణాల (ల్యాబ్‌లో పెంచే కప్ప మూత్రపిండ కణాల) పొరో మేలు. అవీ వాడాను, శుభ్రమైన ఫలితాలే ఇస్తాయి. అయినా రెండు ముఖాల తేడాను మొదటిసారి నేర్చుకునేవాళ్లకు నేను సిఫారసు చేసేది కప్ప చర్మాన్నే. కరెంటును ప్రవాహంగా మార్చుకోవడానికి ఒక అంకె గుర్తుంచుకోండి: గంటకు ఒక మైక్రోఈక్వివలెంట్ అంటే 26.8 మైక్రోఆంపియర్లు.